పడౌక్ పొడి పోసే రాష్ట్రం

నాకు అమెరికా రాష్ట్రాలన్నీ వచ్చు. చదివి నేర్చుకున్నవి కావు. నేను చదివింది ఐదో క్లాసు, అదీ హిందీ బళ్ళో. తెలుగు అక్షరాలు మా అమ్మ బియ్యం చేటలో వేలుతో రాయించి నేర్పింది. ఇంగ్లీషు, బస్సు బోర్డు గుర్తుపట్టేంత వరకే. అయినా ఏ రాష్ట్రం పక్కన ఏ రాష్ట్రం ఉందో, ఏ గీత నిటారుగా దిగుతుందో, ఏ గీత ఏటి వెంట వంకర్లు పోతుందో కళ్ళు మూసుకుని చెప్పగలను. నాలుగేళ్ళకోసారి చొప్పున నాలుగుసార్లు ఆ దేశాన్ని మా వరండా గచ్చు మీద ముగ్గు వేశాను మరి.

నాలుగోసారి వేసినప్పుడు ఒక్క రాష్ట్రం రంగు లేకుండా ఉండిపోయింది. అది ఖాళీగా ఉండడానికి కారణం నేనే. ఆ సంగతి ఎవరికీ పూర్తిగా చెప్పలేదు, మా ఆయనకి కూడా.

మా ఇల్లు డెలానీపూర్‌లో, ఈ దీవుల ఆఫీసులన్నీ ఉన్న టౌను వైపు ఒడ్డున. మా ఆయన గవర్నమెంటు ఆఫీసులో గుమాస్తాగా చేసి రిటైరయ్యారు. నేను పుట్టింది మాత్రం నీళ్ళకి అవతల, బంబూఫ్లాట్‌లో. మా అన్నయ్య ఇప్పటికీ అక్కడే ఉంటాడు. చాతం రంపపు మిల్లులో కుర్రతనంలో చేరి, తల నెరిసేదాకా అక్కడే దుంగలు కోశాడు. వదినా ఆయనా ఇద్దరే ఉంటారు. మా ఒడ్డున ఉన్న చాతం నుంచి బంబూఫ్లాట్‌కి ఫెర్రీ ఎక్కితే గ్లాసులో టీ చల్లారేలోపు దిగిపోవచ్చు. అంత దగ్గర.

ప్రతి ఆదివారం అన్నయ్య భోజనానికి మా ఇంటికి వచ్చేవాడు. నా పెళ్ళయిన ఏడాది మొదలైన అలవాటది. వదిన మోకాళ్ళ నొప్పులామె, ఫెర్రీ ఎక్కేది కాదు. అన్నయ్య ఒక్కడే వచ్చేవాడు. గేటు దగ్గర నుంచే అరుపు. "ఏటే, ఇంకా కూర ఉడకలేదేటి? ఊరంతా వాసనొస్తంది, పళ్ళెంలోకి మాత్రం రాదు!" మా ఆయన లోపల్నుంచి, "బావా, కాళ్ళు కడుక్కుని రా, ముందు పేపరు చూడు" అనేవారు. ఇద్దరూ ఒకరినొకరు బావా అనే పిలుచుకునేవారు. ఒకరు ఆఫీసు మనిషి, ఒకరు మిల్లు మనిషి. దేనిమీదా ఇద్దరికీ పొంతన కుదిరేది కాదు. కుదరకపోవడమే వాళ్ళకి కాలక్షేపం. నేను వంటింట్లో చేపముక్కలు తిరగేస్తూ వింటూ ఉండేదాన్ని. ఆ గొడవ వినపడని ఆదివారం నాకు ఆదివారంలా ఉండేది కాదు.

అమెరికా మా ఇంట్లోకి మా అమ్మాయి చేతిలో వచ్చింది. దానికప్పుడు తొమ్మిదో క్లాసు. బళ్ళో ఆ దేశపు ఎన్నికల మీద పెద్ద చార్టు గీసి తెమ్మన్నారు. పుస్తకంలో బొమ్మ అరచేయంత ఉంది. "అమ్మా, నీకు ముగ్గులొచ్చుగా, దీన్ని పెద్దది చేసిపెట్టు" అని కూచుంది.

నాకు తెలిసిన పద్ధతి ఒక్కటే. పుస్తకంలో బొమ్మ మీద పెన్సిల్‌తో అడ్డంగా, నిలువుగా సమానంగా చుక్కలు పెట్టమన్నాను. అన్నే చుక్కలు గచ్చు మీద జానెడు జానెడు దూరంలో నేను పెట్టాను. అక్కడ గీత ఏ చుక్కకీ ఏ చుక్కకీ మధ్య నుంచి పోతుందో ఇక్కడా అలాగే పోనిచ్చాను. మెలికల ముగ్గు వేసే చేతికి అదొక లెక్క కాదు. గంటన్నరలో దేశం గచ్చు మీదకి దిగింది. దాన్ని చూసి అమ్మాయి చార్టు మీదకి ఎక్కించుకుంది. నేను గీసేటప్పుడే ఒక్కోదానికీ నా గుర్తులు పెట్టుకున్నాను. ఓక్లహోమా అచ్చం అట్లకాడ. ఫ్లోరిడా నీళ్ళలో ముంచిన వేలు. నడిమధ్యన పీటల్లాంటివి రెండు మూడు ఉన్నాయి, గీసినవాడికి బద్ధకమేమో అనుకున్నాను. పెన్సిల్వేనియా అయితే మూడు పక్కలా తిన్నగా ఉండి, తూర్పు పక్క మాత్రం చిరిగిన చీర అంచులా ఉంటుంది.

ఆ రోజు ఆదివారం. అన్నయ్య వచ్చాడు, గేటు దగ్గరే ఆగిపోయాడు.

"ఇదేటే, కాలు పెట్టడానికి చోటు లేకుండా?"

"అమెరికా మావయ్యా" అంది అమ్మాయి. "తొక్కకు."

"తొక్కనమ్మా, నాకు వీసా లేదు కదా."

అన్నయ్యా మా ఆయనా కూర్చుని దానిచేత అంతా చెప్పించుకున్నారు. అక్కడ రెండే పెద్ద పార్టీలట. ఒకదానికి ఏనుగు గుర్తు, ఒకదానికి గాడిద గుర్తు. ఏనుగు గెలిచిన రాష్ట్రానికి ఎరుపు రంగు, గాడిద గెలిచినదానికి నీలం. ఒక్క ఓటు ఎక్కువొచ్చినా సరే, రాష్ట్రమంతా ఆ రంగే. "గాడిదకి ఓటేసే దేశం బాగుపడుతుందా?" అని మా ఆయన నవ్వారు. ఆ తర్వాత చిత్రంగా ఆయనే ఆ పక్షం అయ్యారనుకోండి.

ఆ బుధవారం పొద్దున్నే, అక్కడ రాత్రి ఓట్లు లెక్కపెడుతుంటే, ఇక్కడ మా అన్నయ్య మొదటి ఫెర్రీకి వచ్చేశాడు. చంకలో ఒక బిస్కెట్ల డబ్బా. తెరిచి చూపించాడు, నిండా పడౌక్ రంపపు పొడి. ఈ దీవుల్లో పుట్టినవాళ్ళకి చెప్పక్కర్లేదు, పడౌక్ మాను కోస్తే పొడి ఎర్రగా, కొత్తగా దంచిన కారంలా ఉంటుంది. "ఎరుపు కావాలన్నారు కదా. కొట్టులో రంగు ఎందుకు, మన మిల్లు రంగే ఉండగా" అన్నాడు. మా ఆయన ఊరుకుంటారా? బట్టలకి పెట్టే నీలిమందు బియ్యప్పిండిలో కలిపించి గిన్నెలో తెచ్చి పెట్టుకున్నారు.

అలా మా ఇంట్లో ఒక పద్ధతి ఏర్పడింది. గీత నాది. ఎరుపు అన్నయ్య చెయ్యి, నీలం మా ఆయన చెయ్యి. ఒకరి రంగు ఇంకొకరు ముట్టుకోకూడదు. టీవీలో వచ్చిన రాష్ట్రం పేరు అమ్మాయి చదివితే ఎవరి రంగైతే వాళ్ళు లేచి వెళ్ళి పోసి రావాలి. మధ్యాహ్నానికి ముగ్గు నిండింది. అప్పుడు చూశాం, రెండు పక్కలా సముద్రం ఒడ్డున ఉన్నవన్నీ చాలావరకు నీలం, పైన పెద్ద చెరువుల పక్కన కొన్ని నీలం, నడుమా దక్షిణమూ ఎరుపు. ఎవరో చీర నేసి అంచులు వేసినట్టు ఉంది.

"ఒడ్డోళ్ళు ఒక రంగు, లోపలోళ్ళు ఒక రంగు" అన్నాడు అన్నయ్య. "మరి మనకి నాలుగు పక్కలా ఒడ్డే కదా, మనమేటి?"

"మనకి మొత్తం దీవులన్నిటికీ ఒక్కటే ఎంపీ సీటు మావయ్యా. గీతలే ఉండవు."

"హమ్మయ్య" అన్నాడు. "ఒక్క పిడికెడు పొడితో అయిపోద్ది."

మాకు గీతలు లేవనే అనుకున్నాను అప్పుడు నేను కూడా.

రెండోసారికి అమ్మాయి కాలేజీలో ఉంది. ఎవరూ అడగకుండానే నేను ముందు రోజే చుక్కలు పెట్టేశాను. ఆసారి పెద్ద చెరువుల పక్కన ఉన్న రాష్ట్రాలు నాలుగు, మొదటిసారి నీలం పోసినవే, ఎర్రగా తిరిగాయి. అందులో పెన్సిల్వేనియా ఒకటి. ఎందుకలా తిరిగాయని అన్నయ్య అడిగితే అమ్మాయి ఫోనులో చదివి చెప్పింది. అవన్నీ ఒకప్పుడు ఇనుము కరిగించే ఊళ్ళు, కార్లు తయారుచేసే ఊళ్ళు అట. మిల్లులు మూతపడ్డాయట. మమ్మల్ని పట్టించుకోలేదని కోపం వచ్చి జనం అటు వేశారని చెప్పుకుంటున్నారట.

అన్నయ్య పొడి గుప్పిట్లో పట్టుకుని అలాగే నిలబడిపోయాడు. దీవుల్లో చెట్లు కొట్టడం తగ్గాక మిల్లులో పనీ తగ్గింది. పక్కన పనిచేసేవాళ్ళు ఒక్కొక్కరే రిటైరవుతుంటే ఆ చోట్లోకి ఇంకొకరు రాలేదు. ఇప్పుడు టూరిస్టులు టిక్కెట్టు కొనుక్కుని వచ్చి రంపాలతో ఫోటోలు తీసుకుంటున్నారని చెప్పి నవ్వేవాడు గాని, ఆ నవ్వు నాకు తెలుసు.

"ఈ ఊరు నాకు తెల్సే" అన్నాడు పెన్సిల్వేనియా పక్కన గొంతుక్కూర్చుని. "మిల్లు సైరను ఆగిపోయిన ఊరు ఎలా ఉంటాదో నాకు తెల్సు." ఎంత మెల్లగా పోశాడంటే, ఒక్క రవ్వ గీత దాటలేదు.

అప్పటినుంచీ అది ఆయన రాష్ట్రమైపోయింది. ఏ ఆదివారం వచ్చినా, "బావా, మా పెన్సిల్వేనియా వాళ్ళేమంటున్నారు?" అని పేపరు లాక్కునేవాడు. ఆయన్ని ఏడిపించడానికే మా ఆయన గాడిద పక్షం ఇంకా గట్టిగా పట్టుకున్నారు. "చదువుకున్నవాళ్ళు ఎటు వేశారో చూశావా బావా?" అని ఈయన. "చదువుకున్నోళ్ళకి కూర్చునే కుర్చీలు కోసిచ్చింది ఎవుడో?" అని ఆయన. నవ్వుకుంటూనే. కానీ ఇప్పుడు వెనక్కి తిరిగి చూస్తే, ఆ నవ్వుల్లో సన్నటి ముల్లొకటి అప్పటికే దిగి ఉంది. చేపముక్కలో ముల్లు చూసి తీసేదాన్ని, మాటలో ముల్లు చూసి కూడా ఊరుకున్నాను.

మూడోసారి కరోనా ఏడాది. మూతికి గుడ్డ కట్టుకుని ఫెర్రీ ఎక్కి అన్నయ్య బుధవారం పొద్దున్నే దిగాడు. ఆసారి లెక్క తెమలదని అమ్మాయి ముందే చెప్పింది. అది అప్పటికి ఉద్యోగంలో చేరింది, డ్యూటీ నుంచి ఫోను చేసి మరీ, "పోస్టులో వచ్చిన ఓట్లు చివర్న లెక్కపెడతారమ్మా. పెన్సిల్వేనియాకి అప్పుడే రంగు వెయ్యనివ్వకు మావయ్యని" అంది. నేను చెప్పాను. ఆయన వినలేదు. టీవీలో ఎరుపు చాలా ముందుంది. "ఇంత తేడా ఎక్కడికి పోద్దే? నాకు మధ్యాహ్నం మీ వదిన మందులకి వెళ్ళాల" అని డబ్బా తీసి పోసేశాడు. పోసి, చేతులు దులుపుకుని, "చూసుకో బావా, మళ్ళీ మాదే" అని సంబరంగా వెళ్ళిపోయాడు.

గురువారం తేడా తగ్గింది. శుక్రవారం ఇంకా తగ్గింది. ఈలోపు బియ్యప్పిండి కలిపిన నీలానికి చీమలు పట్టి కాలిఫోర్నియాలో సగం మోసుకుపోయాయి, మా ఆయన వాటి మీద పసుపు చల్లి కాపలా కాశారు. ఆదివారం తెల్లారేసరికి పెన్సిల్వేనియా నీలం అయిపోయిందని, దాంతోనే గెలుపు తేలిపోయిందని వార్త.

ఆదివారం. అన్నయ్య భోజనానికొచ్చే రోజు.

నేనేం ఆలోచించానో ఇప్పటికీ అక్షరం పొల్లు పోకుండా గుర్తుంది. ఆయన చేత్తో అంత ముచ్చటగా పోసుకున్న పొడి, ఆయన కళ్ళ ముందే తీసి, అక్కడ మా ఆయన నీలం పోస్తే చూడలేడు. ఆయన వచ్చేసరికి ఆ పని అయిపోయుంటే కొంత నయం. ఇదీ నా తెలివి. చీపురు తెచ్చి పడౌక్ పొడి అంతా చేటలోకి ఎత్తి పెరట్లో పోసేశాను. మా ఆయన్ని పిలిచి, "మీరు పోసెయ్యండి" అన్నాను. ఆయన ఒక్క నిమిషం తటపటాయించారు కూడా. "బావ వచ్చాక పోద్దామా?" అన్నారు. నేనే, "వద్దు, ఇప్పుడే పోసెయ్యండి" అన్నాను.

అన్నయ్య వచ్చాడు. వార్త ఆయనకి తెలుసు, దానికి సిద్ధపడే వచ్చాడు. చేతిలో ఖాళీ డబ్బా ఉంది. ఆ డబ్బా ఎందుకు తెచ్చాడో నాకు తర్వాత ఎప్పుడో తట్టింది. తన పొడి తనే ఎత్తుకుని పట్టుకుపోదామని.

వరండాలో నిలబడి చూశాడు. "మార్చేశారేటి?"

"లెక్క మారింది బావా" అన్నారు మా ఆయన.

"లెక్క మారింది, సరే. నా పొడి ఎవరు తీశారు?"

నేను కొంగు సర్దుకుంటూ గచ్చు కేసి చూశాను.

"ఎరుపు నా చెయ్యి కాదేటి? పోసేది నేనైతే తీసేది నేను కాదేటి?" అని, ఒక నవ్వు నవ్వాడు. "అంతేలే. మేం ఫెర్రీ ఎక్కి అవతలికి ఎల్లాకే ఇక్కడ లెక్కలన్నీ అవుతాయి. ఎప్పుడూ అంతే కదా."

మా ఆయన కూడా తమాషాగానే మొదలుపెట్టారు. "అరే యార్, అవతలి ఒడ్డు వాళ్ళకి లెక్కలెప్పుడొచ్చాయి బావా? తొందరపడి ముందే పోసింది నువ్వు."

"అవతలి ఒడ్డోళ్ళు! ఇన్నాళ్ళకి నోట్లోంచి వచ్చింది."

"అబ్బే, నేనన్నది అది కాదు..."

"అదే. మీకు ఆస్పత్రి ఇక్కడ, ఆఫీసు ఇక్కడ, కరెంటు పోతే ముందు మీకే వస్తాది. మేం జెట్టీలో నిలబడాల. మీ నీలం రంగోళ్ళు వాళ్ళ ఊళ్ళల్లో ఎట్టాగో, మీరిక్కడ అట్టాగ!"

అమెరికా ఎక్కడిదక్కడే గచ్చు మీద ఉండిపోయింది, మాటలు మాత్రం మా నీళ్ళ మీదకొచ్చేశాయి. ఇద్దరూ లేచి నిలబడ్డారు. పొయ్యి మీద సూర్మయి చేప పులుసు అడుగంటుతోంది, వాసన తెలుస్తోంది. అప్పుడు అన్నయ్య నా వైపు తిరిగాడు.

"నువ్వు చెప్పే. నువ్వు బంబూఫ్లాట్‌లో పుట్టినదానివి. నువ్వేపక్క?"

నవ్వేసి ఊరుకుంటే పోయేది. నీ పక్కా ఆయన పక్కా రెండూ నావే అంటే పోయేది. పులుసు మాడిపోతోందన్న చిరాకు, ఇద్దరు ముసలాళ్ళు పిల్లల్లా కొట్టుకుంటున్నారన్న విసుగు. ఒక్క మాటతో ఆపేద్దామనుకున్నాను.

"నేనిక్కడిదాన్నే అన్నయ్యా. ముప్పై ఏళ్ళ నుంచి ఇక్కడే ఉన్నాను, ఇంకెక్కడిదాన్నవుతాను?"

గొడవ ఆగింది. నిజంగానే ఒక్క మాటతో ఆగింది.

అన్నయ్య కూర్చుని భోంచేశాడు. మారు వడ్డించబోతే పళ్ళెం మీద చెయ్యి అడ్డం పెట్టాడు. ఆయన నా చేతి పులుసుకి చెయ్యి అడ్డం పెట్టడం అదే మొదలు. చెయ్యి కడుక్కుని, ఖాళీ డబ్బా తీసుకుని, "ఎల్తానమ్మా" అని వెళ్ళాడు. మళ్ళీ ఆదివారం రాలేదు. ఆ మళ్ళీ ఆదివారమూ రాలేదు.

ఆ రోజు సాయంత్రం అమ్మాయి ఇంటికొచ్చి, ముగ్గు చూస్తూ ఒక సంగతి చెప్పింది. ఎర్ర రాష్ట్రమంటే అందరూ ఎరుపు కాదట. కొన్నిచోట్ల సగానికి సగం మంది నీలానికే వేసి ఉంటారట. "మరి వాళ్ళ మీద కూడా ఎరుపు పోసేశామేమే?" అన్నాను. "రూలు అంతేనమ్మా" అని, "కానీ రెండు రాష్ట్రాలున్నాయి, అవి మాత్రం అంతా ఒక్కరికే ఇచ్చెయ్యవు, పంచుతాయి. పైన ఈశాన్యం మూల మెయిన్, నడిమధ్య నెబ్రాస్కా" అని వేలు పెట్టి చూపించింది. ఆ రెండూ నేను మూడుసార్లు గీసినవే. నాకు తెలియలేదు. అన్నయ్యకి చెప్పాల్సిన మాట ఇదే కదా అనుకున్నాను. తెల్లారి ఫెర్రీ ఎక్కి వెళ్ళి చెప్దామనుకున్నాను.

వెళ్ళలేదు.

ఎందుకు వెళ్ళలేదంటే చెప్పుకోదగ్గ కారణం ఒక్కటీ లేదు. వచ్చే ఆదివారం ఆయనే వస్తాడులే అనుకున్నాను. తర్వాత, పెద్దవాడు ఆయన, నేను చిన్నదాన్ని, అంత మాటకి అంత పట్టుదలా అని నాకూ రోషం వచ్చింది. వదిన ఫోను చేస్తే, "అన్నయ్యకి ఇవ్వు" అనేదాన్ని. "పెరట్లో ఉన్నాడమ్మా" అనేది. పెళ్ళిళ్ళలో కనిపించేవాడు, "బాగున్నావా" అనేవాడు, బాగున్నాననేదాన్ని. మా ఆయన ఆదివారం పేపరు చదివి మడతపెట్టి పక్కన పెట్టేవారు, ఎవరితోనూ దెబ్బలాడకుండా. ఎదురుగా కనిపించే ఒడ్డు. అలా నాలుగేళ్ళు గడిచాయి.

మొన్నటి ఎన్నికలకి నేను మళ్ళీ చుక్కలు పెట్టాను. మోకాళ్ళు మడత పడక పీట వేసుకుని, జరుపుకుంటూ రెండు రోజులు గీశాను. మా ఆయన చూసి నీలిమందు కొనుక్కొచ్చారు. వదినకి ఫోను చేసి, "బుధవారం అన్నయ్యని పంపు, ముగ్గు వేశాను" అన్నాను. "చెప్తానమ్మా" అంది.

బుధవారం మొదటి ఫెర్రీ వచ్చింది, రెండోది వచ్చింది. గేటు చప్పుడైనప్పుడల్లా చూశాను. ఎర్ర రాష్ట్రాలు ఒక్కొక్కటే వస్తుంటే, ఇక తప్పక అమ్మాయి కొట్లో కొన్న రంగు పోసింది. మధ్యాహ్నం దాటాక పెన్సిల్వేనియా ఎర్రగా తేలింది. అమ్మాయి రంగు పొట్లం పట్టుకుని లేచింది. "దాన్ని ముట్టుకోకు" అన్నాను. చీర మార్చుకున్నాను.

"ఎక్కడికి?" అన్నారు మా ఆయన. చెప్పాను. చేతిలో నీలం గిన్నె కింద పెట్టి, "బావ గెలిచాడని నేను చెప్పమన్నానని చెప్పు" అన్నారు. ఆయన నోటి నుంచి అంతకన్నా పెద్ద క్షమాపణ రాదు.

నేను వెళ్ళేసరికి అన్నయ్య పెరట్లో ఒక పాత పలకని చిత్రిక పడుతున్నాడు. నన్ను చూసి లేచాడు.

"రామ్మా, కూర్చో. బావగారు బాగున్నారా?"

బావగారు. ముప్పై ఏళ్ళలో ఆ గారు నేనెప్పుడూ వినలేదు. వదిన టీ తెచ్చింది. నాకు ఎప్పుడూ ఇచ్చే స్టీలు గ్లాసులో కాదు, సాసరు మీద పెట్టిన పూల కప్పులో. మంచి కప్పు. చుట్టాలకి తీసేది.

"పెన్సిల్వేనియా ఎర్రగా అయింది అన్నయ్యా."

"అవునా? నేను చూడ్డం మానేశాను."

"రంగు పొయ్యలేదు. నీకోసం ఖాళీగా ఉంచాను. మీ బావ నువ్వు గెలిచావని చెప్పమన్నారు."

చిత్రిక ఆగింది, మళ్ళీ కదిలింది. "నేనేటి గెలిచానమ్మా. ఎవరు గెలిస్తే మాత్రం, నేను కోసిన మానులు మళ్ళీ మొలుస్తాయా."

నాలుగేళ్ళుగా దాచుకున్న మాట చెప్పడానికి సందు దొరకలేదు. వదిన చేపల ధర, మోకాళ్ళు, వాన, అన్నీ మాట్లాడింది. "ఫెర్రీ టైమైపోద్ది" అని అన్నయ్యే లేచాడు. జెట్టీ దాకా వచ్చాడు. బయల్దేరే ముందు ఇంట్లోకి వెళ్ళి ఏదో సంచిలో వేసుకుని మరీ వచ్చాడు.

జెట్టీ మీద స్కూటర్లు వరసలో నిలబడ్డాయి. ఫెర్రీ అటునుంచి వస్తూ కనిపిస్తోంది. ఇప్పుడు చెప్పకపోతే ఇంకెప్పుడూ చెప్పనని తెలిసి చెప్పేశాను. "అన్నయ్యా, అమెరికాలో రెండు రాష్ట్రాలున్నాయి. అవి అంతా ఒక్కరికే ఇవ్వవట. కొంత ఎరుపు, కొంత నీలం, పంచుతాయట."

"ఎక్కడున్నాయవి?"

"ఒకటి పైన మూల. ఒకటి నడిమధ్య."

"ఓహో."

"నేనా రాష్ట్రంలాంటిదాన్ని. ఆ రోజు నువ్వడిగినప్పుడు అలా చెప్పాల్సింది."

నా వైపు చూసి నవ్వాడు. గేటు దగ్గర అరిచే అన్నయ్య నవ్వు, నాలుగేళ్ళ తర్వాత. "ఓసి పిచ్చిదానా. ఆ రోజే చెప్పుంటే పోయేది కదే. పులుసు ఇంకో గరిటె వేయించుకునేవోణ్ణి."

"అప్పటికి నాకు తెలీదన్నయ్యా."

"మరెప్పుడు తెలిసిందే?"

అబద్ధం ఆడొచ్చు. నాలిక చివరి దాకా వచ్చింది. "ఆ రోజు సాయంత్రమే" అన్నాను.

నవ్వు ఆయన మొహం మీద కాసేపు అలాగే ఉండి, మెల్లగా పోయింది. నీళ్ళ వైపు తిరిగాడు. ఎదురుగా మా ఒడ్డు కనిపిస్తోంది, ఇళ్ళు కూడా లెక్కపెట్టొచ్చు.

"నాలుగేళ్ళయిందమ్మా" అన్నాడు.

తిట్టి ఉంటే బాగుండేది. ఫెర్రీ ఆగింది, జనం తోసుకున్నారు. సంచిలోంచి ఆ బిస్కెట్ల డబ్బా తీసి నా చేతిలో పెట్టాడు. "నువ్వే పోసెయ్" అన్నాడు.

"నీ చెయ్యి కదా పొయ్యాలి."

"పోసెయ్యమ్మా. నాకు గచ్చు మీద కూర్చుంటే లేవడం కష్టం" అని, నేను ఫెర్రీ ఎక్కేదాకా నిలబడి, వెళ్ళిపోయాడు.

ఇంటికొచ్చేసరికి మా ఆయన గేటు దగ్గరే ఉన్నారు. నా వెనకాల చూశారు. డబ్బా అందుకుని మూత తీశారు. ఎన్నాళ్ళ పొడో, ఎరుపు పోయి కాఫీ పొడి రంగుకి తిరిగింది. వాసన చూసి, మూత పెట్టి, కిటికీలో పెట్టారు. తన నీలం గిన్నె కూడా దాని పక్కనే పెట్టేశారు. ఆ తర్వాత రెండు రోజుల్లో గాలివాన వచ్చి జల్లు వరండాలోకి కొట్టింది. రంగులన్నీ ఒకదాన్లోకి ఒకటి కారిపోయాయి. ఆ ఒక్క రాష్ట్రంలోంచి మాత్రం నీళ్ళు తెల్లగానే పారాయి.

ఇప్పుడు ఆదివారాలు నేనే అవతలికి వెళ్తున్నాను. గిన్నెలో పులుసు మూతకట్టి పట్టుకెళ్తాను. అన్నయ్య తింటాడు, బాగుందంటాడు. మారు అడగడు. మా ఇంటికి రమ్మంటే చూద్దాంలే అంటాడు. వెళ్ళిన ప్రతిసారీ, "బావగారు బాగున్నారా?" అని మర్యాదగా అడుగుతాడు.

సాయంత్రం నేను ఫెర్రీ దిగి ఇల్లు చేరేసరికి మా ఆయన వరండాలోనే కూర్చుని ఉంటారు. "ఏమన్నాడు?" అంటారు.

"మా బావ ఎలా ఉన్నాడే అని అడిగాడు" అంటాను.